గుడి, బడి, భూమి: అనంతపురం సీమలో కథోలిక సేవాచరిత్ర

మతసంస్థలు చేసే ప్రజాసేవను గురించి మన అభ్యుదయవాదులలో రెండు అభిప్రాయాలు వాడుకలో ఉన్నాయి. అదంతా మతమార్పిడికి వేసిన ఎర, వర్గపోరాటం మీద చల్లిన చన్నీళ్ళు అనేది మొదటిది. వాళ్ళు చేసినదాంట్లో పదోవంతైనా మనం చేశామా, విమర్శించే హక్కు మనకెక్కడిది అనేది రెండవది. మొదటి అభిప్రాయం సభలలో వినబడుతుంది. రెండవది సభ ముగిసి టీ తాగేటప్పుడు వినబడుతుంది. ఒకే మనిషి ఈ రెండూ అనగా నేను విన్నాను. ఆ మనిషి కపటి అని నేననను. రెండు అభిప్రాయాలలోనూ కొంత నిజం ఉంది గనకనే రెండూ నోటికి వస్తాయి. రెండింటిలోనూ లేనిది చరిత్ర.

ఎవరు ఎవరి దగ్గరికి వచ్చారు, ఎప్పుడు వచ్చారు, ఎవరి ఇంట కూర్చున్నారు, ఏమి ఇచ్చారు, ఏమి ఇవ్వలేకపోయారు? ఈ ప్రశ్నలు వేయకుండా సేవ మంచిదా చెడ్డదా అని తర్కించడం వ్యర్థం. ఈ ప్రశ్నలు వేయడానికి సోమందేపల్లి, పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ప్రాంతం చాలా అనుకూలమైనది. ఎందుకంటే ఈ సీమకు కథోలిక మతం రెండుసార్లు వచ్చింది. మొదటిసారి ఒక కులం దగ్గరికి వచ్చింది, రెండవసారి దానికి పూర్తిగా వేరైన కులాల దగ్గరికి వచ్చింది. ఒకే నేల మీద, ఒకే మతం, రెండు రకాలుగా పనిచేస్తే ఫలితాలు ఎట్లా ఉంటాయో పోల్చి చూసే అవకాశం చరిత్ర అరుదుగా ఇస్తుంది.

*

సోమందేపల్లి హైదరాబాదు–బెంగుళూరు రహదారి మీది ఊరు. ఒకపక్క విజయనగర రాజులు 1565 తర్వాత తలదాచుకున్న పెనుకొండ కోట, మరోపక్క హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు, ఉత్తరాన ధర్మవరం మగ్గాలు. చుట్టూ వేరుసెనగ చేలు. వానలు అతి తక్కువగా కురిసే సీమలలో ఇదొకటి. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. 2022 ఏప్రిల్లో ఈ ప్రాంతం అనంతపురం జిల్లా నుంచి విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. జిల్లా పేరు మారింది గాని వాన మారలేదు.

ఈ నేలకు మొదటి కథోలిక గురువులు 18వ శతాబ్దం ఆరంభంలో వచ్చారు. వాళ్ళు పుదుచ్చేరి నుంచి బయలుదేరిన ఫ్రెంచి జెసూట్లు. తాము నడిపిన దానికి కర్ణాటక మిషను అని పేరు పెట్టుకున్నారు. పుంగనూరు, చిన్నబళ్ళాపురం, కృష్ణాపురం వాళ్ళ మజిలీలు. వాళ్ళ పద్ధతి కొత్తది కాదు. 1606లో మధుర చేరిన రాబర్టు నోబిలి అనే ఇటలీ జెసూట్ వేసిన బాట అది. కావి గుడ్డ కట్టాలి, మాంసం మానాలి, తాము పరంగులం కాము రోమాపురి సన్యాసులం అని చెప్పుకోవాలి. పై కులాల వాళ్ళు అంటరానివాళ్ళుగా చూసే జనంతో బహిరంగంగా కలవకూడదు. ఊరి పెద్దరెడ్డి నమ్మితే ఊరు నమ్ముతుంది, పాళెగాడు అనుమతిస్తే గుడి లేస్తుంది: ఇదీ వాళ్ళ లెక్క.

ఆనాటి సమాజాన్ని బట్టి చూస్తే ఆ లెక్క తప్పని చెప్పలేము. నిజంగానే కొన్ని రెడ్డి కుటుంబాలు జ్ఞానస్నానం పొందాయి. ఐతే ఆ లెక్కలో మాల మాదిగ వాడ ఎక్కడ ఉంది? ఈ ప్రశ్న నేను ఈనాటి బుద్ధితో వేస్తున్నది కాదు. ఆనాడే వేశారు. పోపు ప్రతినిధిగా వచ్చిన టూర్నాన్ 1704లో పుదుచ్చేరిలో ఒక శాసనం చేశాడు. జెసూట్లు సాగనిచ్చిన కులాచారాలను కొన్నింటిని నిషేధిస్తూ, చావుబతుకుల్లో ఉన్న పరయవాని గుడిసెలోకి వెళ్ళి అంత్యసంస్కారం చేయడానికి గురువు నిరాకరించకూడదని అందులో ఒక నిబంధన పెట్టాడు. నిరాకరించకూడదని శాసనం చేయవలసి వచ్చిందంటే నిరాకరిస్తున్నారనే కదా అర్థం! ఆ తగవు నలభై ఏళ్ళు సాగింది. 1744లో పోపు 14వ బెనెడిక్టు తుది ఆజ్ఞ ఇచ్చినప్పుడు జెసూట్లు ఒక మధ్యేమార్గం కనిపెట్టారు: పై కులాలకు వేరే గురువులు, అంటరానివారికి వేరే గురువులు. దేవుడు ఒక్కడే గాని గుమ్మాలు రెండు.

ఆ గురువులు విద్యావంతులు కారని ఎవరూ అనలేరు. వాళ్ళలో కల్మెట్ అనే అతను 1730లలో వేదాల ప్రతులు సంపాదించి పారిస్ రాజుగారి గ్రంథాలయానికి పంపాడు. వాళ్ళు స్వదేశానికి రాసిన ఉత్తరాలు పారిస్‌లో సంపుటాలుగా అచ్చయ్యాయి. పాళెగాళ్ళ తగాదాలు, దాసరుల అల్లర్లు, కరువులు ఆ ఉత్తరాల్లో ఉన్నాయి. ఈ సీమ చరిత్రకు అవి విలువైన ఆధారాలు. కాని ఆ ఉత్తరాలు ఎవరు, ఎవరికి రాశారు అన్నది మనకు ముఖ్యం. గురువు రాశాడు, ఫ్రాన్సులోని తన పెద్దలకు, దాతలకు రాశాడు. వాటిలో ఈ నేల మీది మనిషి విషయమే గాని కర్త కాదు.

ఆ మొదటి రాక ఏమైంది? కరువులు, మరాఠా దాడులు, పాళెగాళ్ళ కుమ్ములాటలు తాళలేక క్రైస్తవ రెడ్డి కుటుంబాలలో చాలామంది తూర్పుగా గుంటూరు సీమకు వలసపోయారు. ఈనాటికీ అక్కడి కథోలిక రెడ్లు తమ పూర్వీకులు అనంతపురం సీమనుంచి వచ్చారని చెప్పుకుంటారు. 1773లో పోపే జెసూట్ సంఘాన్ని రద్దు చేశాడు. ఇక్కడ మిగిలింది అతి స్వల్పం. మతం ఎవరిని ఆశ్రయించిందో వాళ్ళు బండ్లు కట్టుకొని పోగానే మతమూ ఆ బండ్లు ఎక్కింది. భూమి ఉన్నవాడు కరువొస్తే వలసపోగలడు; అమ్ముకునేందుకు ఏమీ లేనివాడు వాడలోనే ఉండిపోతాడు. ఉండిపోయినవాడి దగ్గరికి ఆ మతం వెళ్ళలేదు.

*

రెండవ రాకకు ముందు ఒక శతాబ్దం గడిచింది. 1876–78 నాటి మహాకరువు ఈ సీమను పీల్చి పిప్పి చేసింది. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడింది. ఆ కాలంలో మాల మాదిగ వాడలకు ముందుగా వెళ్ళింది కథోలికులు కాదు. కడప, గుత్తి కేంద్రాలుగా పనిచేసిన లండన్ మిషన్ ప్రొటెస్టెంట్లు. కథోలికులు తర్వాత వచ్చారు. ఐతే ఇద్దరిలోనూ ఒక పనిముట్టు సామాన్యం: వాడలో ఉండే బడిపంతులు. కథోలికులు అతన్ని ఉపదేశి అంటారు. ఆదివారం ప్రార్థన నడిపేదీ అతనే, వారం రోజులు అఆలు దిద్దించేదీ అతనే. గురువు విచారణలోని ఊళ్ళన్నీ తిరిగి ఏ నెలకో రెండు నెలలకో వస్తాడు. ఉపదేశి వాడలోనే ఉంటాడు. తరచుగా అతనూ ఆ వాడవాడే.

ఈ చిన్న ఏర్పాటులోని గొప్పతనం మన చరిత్రకారులు తగినంతగా గుర్తించలేదు. వీధిబడి అరుగు మీద కూర్చునే హక్కు లేని పిల్లవాడికి, తన ఇంటి ముందు, తన మేనమామ వరసైనవాడు పలక పట్టించాడు. అందులో బైబిలు ఉంది, నిజమే. కాని గుణింతం కూడా ఉంది. గుణింతానికి మతం లేదు. ఒకసారి వచ్చిన తర్వాత అది ఏ కాగితాన్నైనా చదువుతుంది.

పోపుల సామాజిక సిద్ధాంతం సంగతి ఇక్కడ ఒక్క మాటలో చెప్పాలి. 1891లో 13వ లియో పోపు కార్మికులను గురించి ప్రకటించిన లేఖ న్యాయమైన కూలి కావాలంది, సంఘం పెట్టుకునే హక్కును ఒప్పుకుంది. అదే నోటితో సోషలిజాన్ని ఖండించి సొంత ఆస్తిని సమర్థించింది. 1967లో 6వ పాల్ పోపు లేఖకు వచ్చేసరికి స్వరం మారింది. సొంత ఆస్తి హక్కు నిరపేక్షం కాదని, దేశాల మధ్య అసమానత న్యాయం కాదని అందులో ఉంది. 1968లో మెడెలిన్‌లో సమావేశమైన లాటిన్ అమెరికా బిషప్పులు పేదల పక్షాన నిలబడతామన్నారు. పీఠం ఎక్కినవాళ్ళ మనసు తనంత తాను కరగలేదు. క్యూబా నుంచి వియత్నాం దాకా ప్రజలు లేచి నిలబడ్డారు గనక కరిగింది.

ఆ 1967లోనే కర్నూలు మేత్రాసనం ఏర్పడింది, అనంతపురం జిల్లా దాని కిందికి వచ్చింది. ఆ ఏడే నక్సల్బరీ. చరిత్ర కొన్నిసార్లు తన పుటలను చాలా దగ్గరగా కుడుతుంది.

*

అంతకంటే దగ్గరగా కుట్టిన పుట 1969. ఆ సంవత్సరం అనంతపురం జిల్లా చరిత్రలో రెండు దారులు ఒకచోట కలుసుకోకుండా దాటిపోయాయి.

ఒక దారి తరిమెల నాగిరెడ్డిది. 1917లో తరిమెలలో భూస్వామి కుటుంబంలో పుట్టి, మద్రాసులో జెసూట్లు నడిపే లయోలా కాలేజీలోనూ తర్వాత కాశీలోనూ చదివి, కమ్యూనిస్టై, 1952 ఎన్నికలలో జైలులో ఉంటూనే తన బంధువైన నీలం సంజీవరెడ్డిని అనంతపురంలో ఓడించిన మనిషి. 1969 మార్చిలో ఆయన శాసనసభ్యత్వానికి రాజీనామా చేశాడు. ఈ సభలో కూర్చుంటే పేదవాడికి భూమి రాదు అన్నది ఆయన నిర్ణయం. ఆ తర్వాత కుట్రకేసు, జైలు, అజ్ఞాతవాసం. 1976లో అజ్ఞాతంలోనే కన్నుమూశాడు. 'తాకట్టులో భారతదేశం' ఆయన మనకు విడిచిపోయిన ఆస్తి.

రెండవ దారి విన్సెంట్ ఫెర్రర్‌ది. 1920లో బార్సిలోనాలో పుట్టాడు. స్పెయిన్ అంతర్యుద్ధ కాలంలో యువకుడుగా పి.ఓ.యు.ఎం. అనే మార్క్సిస్టు పార్టీలో చేరి, రిపబ్లిక్ సైన్యంలో ఎబ్రో యుద్ధం చూసి, ఓడిన పక్షం సైనికుడుగా నిర్బంధ శిబిరం చవిచూసి, 1944లో జెసూట్ అయ్యాడు. 1952లో బొంబాయి వచ్చాడు. మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర బావులు తవ్వుకోవడానికి రైతులకు వడ్డీలేని సాయం చేశాడు. వడ్డీవ్యాపారికీ, వాడి అండ ఉన్న నాయకుడికీ అది గిట్టలేదు. 1968లో దేశం విడిచి వెళ్ళమని ఆజ్ఞ వచ్చింది. వేలాది రైతులు బొంబాయికి నడిచారు. ఇందిరాగాంధీ కల్పించుకొన్న మీదట, కొద్దికాలం బయటికి పోయి మళ్ళీ రావచ్చని రాజీ కుదిరింది. అట్లా 1969లో ఆయన అనంతపురం చేరాడు.

ఆనాడు నాగిరెడ్డిని సమర్థించినవాళ్ళు ఫెర్రర్‌ను అనుమానించారు. ఫెర్రర్ చుట్టూ చేరినవాళ్ళు నాగిరెడ్డి పేరెత్తడానికి భయపడ్డారు. విడ్డూరం ఏమిటంటే జెసూట్ల కాలేజీలో చదివినవాడు మార్క్సిస్టయ్యాడు, మార్క్సిస్టు పార్టీలో ఉన్నవాడు జెసూటయ్యాడు. దీన్ని బట్టి బడి మనిషిని పూర్తిగా నిర్ణయించలేదని తేలుతుంది. బడి తలుపు తెరుస్తుంది. ఎటు నడవాలో ఆ కాలపు పోరాటాలు చెబుతాయి.

మరో సంగతి మరువరాదు. 1970లో ఫెర్రర్ జెసూట్ సంఘాన్ని వదిలి, అన్నా పెర్రీ అనే ఇంగ్లండు పత్రికా రచయిత్రిని పెళ్ళాడాడు. ఆయన స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, జనం నోట ఆర్డీటీ, చర్చి సంస్థ కాదు. అంటే ఈ సీమలో కథోలిక న్యాయచింతన కన్న అతిపెద్ద పని, కథోలిక మఠం గడప దాటిన తర్వాతే పెరిగింది. ఆ గడప లోపల అంత చోటు లేదన్నమాట.

*

ఇక ఆ పని ఏమిటి? సర్కారు బడికి ముందూ వెనకా వాడలోనే పిల్లలను కూర్చోబెట్టి చెప్పే అనుబంధ బడి. ఆడవాళ్ళ సంఘం. ఆడమనిషి పేర రాసిన పక్కా ఇల్లు. చెరువులు, చెక్‌డ్యాములు. 2000లో బత్తలపల్లిలో ఆసుపత్రి. 2009 జూన్ 19న ఫెర్రర్ చనిపోయినప్పుడు కదలివచ్చిన జనం కూలి మానుకొని వచ్చారు. ఎరకు చిక్కిన చేప వేటగాడి చావుకు ఏడవదు. మొదటి అభిప్రాయంవాళ్ళు ఈ ఒక్క విషయానికి జవాబు చెప్పుకోవాలి.

రెండవ అభిప్రాయంవాళ్ళు జవాబు చెప్పుకోవలసినవి రెండు ఉన్నాయి.

మొదటిది పేరు సంగతి. నేను ఈ ప్రాంతంలో పాఠాలు చెప్పిన రోజుల్లో నా తరగతిలో ఒక పిల్లవాడికి రెండు పేర్లుండేవి. హాజరుపట్టీలో ఒకటి, గుళ్ళో ఒకటి. గుడి పేరుతో పిలిస్తే తలెత్తి చూసేవాడు గాని పలికేవాడు కాడు. వాడి భయం అర్థం కావడానికి నాకు కొంతకాలం పట్టింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులే షెడ్యూల్డు కులస్థులు, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవుడైన మాల మాదిగ బి.సి.–సి వర్గంలోకి, 1 శాతం వాటాలోకి జారిపోతాడు. అంచేత గుడి ఇచ్చిన బడిలో చదివినవాడు, ఆ చదువుకు ఉద్యోగం కావాలంటే గుడి పేరు దాచుకోవాలి. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ వీళ్ళకు షెడ్యూల్డు హోదా ఇమ్మని తీర్మానించింది. 2025లో రాష్ట్ర హైకోర్టు, మతం మారినవాడికి అట్రాసిటీ చట్టం రక్షణ లేదని తీర్పు చెప్పింది. మతం మారితే అంటరానితనం పోతుందని న్యాయశాస్త్రం నమ్ముతున్నది. పోలేదని బావి దగ్గరి బిందెకు తెలుసు.

చర్చి లోపల మాత్రం పోయిందా? భారత బిషప్పుల సమాఖ్యే 2016లో దళిత సాధికారత విధానమంటూ ఒక పత్రం ప్రకటించవలసి వచ్చింది. అందులో చర్చిలోనూ అంటరానితనం ఉందని ఒప్పుకోలు ఉంది. 2008 నుంచి 2020 దాకా కర్నూలు మేత్రాసనానికి, అంటే ఈ ప్రాంతానికీ, బిషప్పుగా ఉన్న పూల ఆంథోనీ గారు 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. దళితులలోనూ, తెలుగువాళ్ళలోనూ మొదటి కార్డినల్ ఆయనే. పేదరికం వల్ల బడి మానిన పిల్లవాణ్ణి మిషనరీలు చేరదీసి చదివించగా ఆయన ఇంతవాడయ్యారు. గుడిసెలోకి గురువు అడుగుపెట్టవచ్చునా అని 1704లో తగవు. ఆ గుడిసె బిడ్డ కార్డినల్ కావడం 2022లో. నడుమ 318 ఏళ్ళు. ఇది సంతోషించదగినదే. ఐతే ఒక్క బిడ్డ మెట్లెక్కినంత మాత్రాన వాడ మెట్లెక్కినట్టు కాదని మన రాజకీయాలు మనకు ఎన్నోసార్లు నేర్పాయి.

రెండవది భూమి సంగతి. సేవాసంస్థ ఇల్లు కట్టగలదు, భూమి పంచలేదు. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది. అసైన్డు భూమి చేతులు మారకూడదని 1977లో మరొక చట్టం వచ్చింది. వాటిని అమలు జరిపించేది ఎవరు? డీకేటీ పట్టా కాగితం చదవగలిగినవాడు, చదివి ఆఫీసుకు నలుగురిని వెంటబెట్టుకొని పోగలిగినవాడు. కాగితం చదవడం ఉపదేశి బడి, అనుబంధ బడి నేర్పగలవు. నలుగురిని వెంటబెట్టుకుపోవడం నేర్పేది సంఘం. రహదారి పక్క భూమికి విలువ పెరిగిన ఈ రోజుల్లో సోమందేపల్లి, పెనుకొండ ప్రాంతాలలో ఇది పుస్తకాల ప్రశ్న కాదు.

ఈ ప్రాంతంలో అటువంటి ప్రయత్నం లేకపోలేదు. పెనుకొండ కేంద్రంగా యంగ్ ఇండియా ప్రాజెక్టు అనే సంస్థ వ్యవసాయకూలీలను యూనియన్లుగా కట్టింది. అది చర్చి సంస్థ కాదు, మన పార్టీల సంస్థా కాదు. కూలిరేటు, పట్టా, రేషను కార్డు వంటి వాటికోసం జనం గుంపుగా అడగడం అక్కడ నేర్చుకున్నారు. మనవాళ్ళు అటువంటి వాటిని విదేశీ డబ్బు అని ఒక్క మాటతో కొట్టిపారేశారు. డబ్బు సంగతి నిజమే, దాన్ని చర్చించవలసిందే. కాని మన డబ్బుతో మనం ఆ వాడలో నడిపిన రాత్రిబడులు ఎన్ని? ఉన్నాయి, కొన్ని. ఉపదేశిలాగా అక్కడే కాపురముండి నడిపినవి? నాయకత్వం ఎక్కువగా రెడ్డి, కమ్మ రైతు కుటుంబాలనుంచి వచ్చిన మన ఉద్యమం వాడకు ఉపన్యాసం పంపింది. పలక పంపడం మరిచింది. కృష్ణాపురం సన్యాసులు పెద్దరెడ్డి ఇంటిముందు ఆగిపోయారని నవ్వే ముందు ఈ మాట మనమూ కొంచెం ఆలోచించుకోవాలి.

*

ఉత్తరాల సంగతితో ముగిస్తాను. 18వ శతాబ్దంలో గురువు పారిస్‌కు ఉత్తరం రాశాడు. మొన్నమొన్న వాడలోని పిల్లవాడు తనను చదివిస్తున్న దాతకు స్పెయిన్‌కు ఉత్తరం రాశాడు, బొమ్మ గీసి పంపాడు. నిస్సందేహంగా ఇది గొప్ప ముందడుగు: విషయంగా ఉన్నవాడు కర్త అయినాడు. కాని ఉత్తరం చేరవలసిన చిరునామా మాత్రం ఇంకా సముద్రాల అవతలే ఉంది. ఆ చిరునామా ఎంత బలహీనమైనదో 2025లో తెలిసివచ్చింది. ఆర్డీటీకి విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరించడానికి కేంద్రం నిరాకరించేసరికి జిల్లా అంతా రోడ్డెక్కింది. ఎక్కడో ఒక కలం ఆగితే ఇక్కడ ఆసుపత్రి దీపం రెపరెపలాడింది. ప్రేమతో ఇచ్చినది కూడా ఇచ్చేవాడి చెయ్యి పట్టుకుంటే ఆగిపోతుంది.

మరి హక్కుగా వచ్చినది ఆగదా? 2006 ఫిబ్రవరి 2న ఈ అనంతపురం జిల్లాలోనే, బండ్లపల్లిలో, ఉపాధి హామీ పథకం మొదలైంది. అది దానం కాదు, చట్టం. పని అడిగే హక్కు. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానే మరొక చట్టం తెచ్చింది. కాబట్టి చట్టం కూడా దానంతట అది నిలబడదు. నిలబెట్టే జనం ఉంటేనే హక్కు హక్కుగా ఉంటుంది.

అందువల్ల నేను చెప్పేది ఇది. గుడి ఈ సీమలో మొదటిసారి భూమి ఉన్నవాడి దగ్గరికి వెళ్ళింది, వాడితోనే పోయింది. రెండవసారి భూమి లేనివాడి దగ్గరికి వెళ్ళింది, బడి ఇచ్చింది, నిలిచింది. ఆ బడిని కొట్టిపారేయడం మూర్ఖత్వం. ఆ బడితో సరిపెట్టుకోవడం పిరికితనం. అక్కడ నేర్చిన అక్షరాలతో మూడవ ఉత్తరం ఒకటి రాయవలసి ఉంది. అది దాతకు కాదు, తహసీల్దారుకు. కృతజ్ఞత చెప్పే ఉత్తరం కాదు, పట్టా అడిగే అర్జీ. దాని కింద ఒక పిల్లవాడి సంతకం కాదు, వాడంతటి సంతకాలు ఉండాలి. ఆ సంతకాలలో వాళ్ళ రెండు పేర్లలో ఏ పేరు రాసుకున్నా ఎవరూ ప్రశ్నించని రోజు రావాలి.

ఆ అర్జీ రాసే రాత్రి, లాంతరు పట్టుకొని పక్కన కూర్చునేది ఉపదేశి ఒక్కడేనా, మనం కూడానా అన్నది మనం తేల్చుకోవలసిన ప్రశ్న.